జబ్బు రాని మనిషి నుంచి పుట్టిన మందు

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు సర్వర్ పడిపోతే రాత్రంతా దాని లాగ్‌లే చూసేవాళ్లం. పడిపోని సర్వర్ వంక ఎవరూ చూడరు. ఈరోజు కథ అలా పడిపోని ఒక మనిషిది.

న్యూయార్క్‌లో స్టీఫెన్ క్రోన్ అని ఒక చిత్రకారుడు. 1982లో ఆయన సహచరుడు జెర్రీ గ్రీన్ ఎయిడ్స్‌తో చనిపోయాడు. అప్పటికి ఆ జబ్బు దేనివల్ల వస్తుందో కూడా తెలీదు. తర్వాత స్నేహితులు ఒక్కొక్కరే పోతున్నారు. క్రోన్‌కి మాత్రం ఏమీ కాలేదు. ఎందుకో కనుక్కోమని ఆయనే డాక్టర్ల వెంటపడ్డాడు.

చివరికి ఆరన్ డైమండ్ సెంటర్‌లో విలియం ప్యాక్స్‌టన్ అనే శాస్త్రవేత్త ఆయన సిడి4 కణాలు తీసి, వాటి మీద హెచ్ఐవీ వదిలాడు. సోకలేదు. వైరస్ మోతాదు బాగా పెంచినా సోకలేదు.

హెచ్ఐవీ సిడి4ని పట్టుకునే కణంలోకి వస్తుందని 1984లోనే తెలుసు. ఆ సిడి4నే విడిగా తయారుచేసి, వైరస్‌కి ఎరగా రక్తంలోకి ఎక్కించి చూశారు. ల్యాబ్‌లో పెంచిన వైరస్ మీద పనిచేసింది గానీ రోగుల్లో పనిచేయలేదు. 1996లో అసలు సంగతి బయటపడింది. వైరస్‌కి సిడి4తో పాటు ఇంకో ప్రోటీన్ కూడా కావాలి. ఎక్కువగా అది సిసిఆర్5. క్రోన్‌కి తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు సిసిఆర్5 జన్యువుల్లోనూ 32 అక్షరాలు లేవు. అందుకే ఆ ప్రోటీన్ కణం పైకి రాదు. అయినా మనిషి ఆరోగ్యంగా ఉన్నాడు! అంటే దాన్ని మందుతో మూసినా మనిషి బతకగలడన్నమాట.

1997లో ఇంగ్లండ్‌లోని శాండ్‌విచ్‌లో ఫైజర్ వాళ్లు లక్షల రసాయనాలు జల్లెడ పట్టారు. దొరికినవి సిసిఆర్5ని మూశాయి కానీ, గుండె లయని నడిపే పొటాషియం దారిని కూడా మూసే ప్రమాదం కనిపించింది. మార్చి మార్చి మరావిరాక్ తయారుచేశారు. ఇదే దారిలో గ్లాక్సో తెచ్చిన అప్లావిరాక్ లివర్‌ని దెబ్బతీయడంతో 2005లో ఆగిపోయింది. మరావిరాక్‌కి 2007 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది.

నిజానికి వైరస్ లోపలికి రాకుండా ఆపిన మొదటి మందు 2003లో వచ్చిన ఫ్యూజియాన్. అది వైరస్‌నే పట్టుకుంటుంది, రోజుకి రెండు ఇంజెక్షన్లు. మరావిరాక్ మాత్ర. అది వైరస్‌ని వదిలేసి మన కణం తలుపే మూస్తుంది.

అయితే కొన్ని వైరస్‌లు సిఎక్స్‌సిఆర్4 అనే ఇంకో తలుపులోంచి వస్తాయి. వాటి మీద ఈ మాత్ర పనిచేయదు. అందుకే ముందు టెస్ట్ చేయాలి, అందుకే ఇది అందరికీ ఇచ్చే మందు కాలేకపోయింది.

క్రోన్ 2013లో చనిపోయాడు. తన వాళ్లెవర్నీ ఆ మందు కాపాడలేదు, వాళ్లు పోయాకే వచ్చింది. కానీ తను ఎందుకు మిగిలానని ఆయన అడక్కపోతే, ఆ 32 అక్షరాల సంగతి తేలడానికి ఇంకెన్నాళ్లు పట్టేదో.