ఆంప్లిఫయరుకు ఎన్ని వోల్టులు?

సభలలో మాటను నలుదెసల వినిపించు ఆంప్లిఫయరును చూచి, అది ఎన్ని వాట్లదని అడుగువారు పెక్కుమంది. దానికి ఎన్ని వోల్టుల సరఫరా ఇచ్చిరని అడుగువారు అరుదు. వాట్లకు హద్దు గీయునది ఈ రెండవ ప్రశ్నయే. ఆ ప్రశ్న నడచిన త్రోవను ఇచట క్లుప్తముగా మనవి చేయుదుము.

1947లో ఇంగ్లండున విలియంసన్ 'వైర్‌లెస్ వరల్డు' పత్రికలో ప్రకటించిన ఆంప్లిఫయరు ఆ కాలమునకు ఒరవడి అయినది. రెండు కేటీ66 వాల్వులు, సుమారు 450 వోల్టుల సరఫరా. ఫలము 15 వాట్లు. వాల్వు హెచ్చు వోల్టులను, కొద్ది కరెంటును కోరును. లౌడుస్పీకరు తీరు ఇందుకు విరుద్ధము. రెంటికిని పొత్తు కుదుర్చుటకు నడుమ బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఉండెను.

1956లో అమెరికాలో హెచ్.సి. లిన్ ట్రాన్సిస్టర్లతో ఆ మధ్యవర్తిని తొలగించు మార్గము చూపెను. ఇట్టి ఆంప్లిఫయర్లలో సరఫరా వోల్టులే స్పీకరు వాట్లను నేరుగా నిర్ణయించును. లెక్క కష్టమైనది కాదు. 8 ఓముల స్పీకరులో 100 వాట్లు కావలెనన్నచో ధ్వనితరంగము ధన, ఋణ దిశలలో 40 వోల్టుల చొప్పున ఎగయవలెను. ట్రాన్సిస్టర్లలోను, భారము పడినపుడు సరఫరాలోను కలుగు తరుగునకై మరికొన్ని వోల్టులు చేర్చవలెను. చాలనిచో తరంగ శిఖరములు తెగి, గాయకుని గొంతు బొంగురుపోవును.

అట్లని వోల్టులను ఇష్టము వచ్చినట్లు పెంచవచ్చునా? వోల్టులు రెట్టింపైనచో వాట్లు నాలుగింతలగును. కాని చెవికి ధ్వని రెట్టింపుగా తోచుటకు వాట్లు సుమారు పదింతలు కావలెను! పైగా సంగీతములో శిఖరములు క్షణికములు; తక్కిన కాలమున మిగులు వోల్టులు ట్రాన్సిస్టర్లలో వేడిగా పరిణమించును. 'బి' తరగతి ఆంప్లిఫయరు పూర్తి శక్తితో పలుకునపుడు, సిద్ధాంతరీత్యా, నూటికి 78 పాళ్ళు స్పీకరుకు చేరును. అందు పదవ వంతు శక్తితో పలుకునపుడు చేరునవి 25 పాళ్ళే. తట్టుకొనగల హద్దు దాటినచో ట్రాన్సిస్టరు కాలిపోవును. 8 ఓములకై కూర్చినదానికి 4 ఓముల స్పీకరు తగిలించినచో కరెంటు రెట్టింపై, ప్రమాదము అధికమగును.

1977లో జపానుదేశపు హిటాచీ సంస్థ రెండంచెల సరఫరాతో 'జి' తరగతి ఆంప్లిఫయరును వెలువరించెను. సామాన్య ధ్వనికి తక్కువ వోల్టులు, శిఖరములకు ఎక్కువ వోల్టులు. నిత్యమునకు చిన్న ప్రమిద, పండుగకు పెద్ద దీపము వెలిగించు గృహిణి పొదుపు వంటిది ఇది. నేటి 'డి' తరగతి ఆంప్లిఫయర్లలో ట్రాన్సిస్టరు పూర్తిగా తెరచుకొనుటయో, పూర్తిగా మూసుకొనుటయో జరుగుటచేత వేడి మిక్కిలి తగ్గినది.

కనుక కొనునపుడు వాట్లతో పాటు వోల్టులను, ఓములను కూడ విచారింపుడని మా మనవి. పెద్ద అంకె కన్న పొందిక మేలు.