కచేరికి తగిన వేషము

పాశ్చాత్యుడు గౌరవనీయుని యెదుట టోపీ తీయును, బూట్లు తీయడు. మనవారు పెద్దల సన్నిధికి పోవునపుడు చెప్పులు బయట విడుతురు, తలపాగా తీయుట అమర్యాదగా నెంచుచుండిరి. ఈ రెండు మర్యాదలును ఒక్క కచేరిలో ఎదురుపడినపుడు పుట్టిన చిక్కులే మన యుద్యోగవేషముల చరిత్రలో అధికభాగము నాక్రమించినవి.

1830వ సంవత్సరమున కుంపిణీవారు తమ యుద్యోగులు అధికారసభలలో దేశీయవస్త్రములు ధరింపరాదని నిషేధించిరి. అంతకుముందు నవాబుల పోకడలకు మరగి దేశీయవేషమున హుక్కా త్రాగిన దొరలు లేకపోలేదు. పాలకుడు పాలితునివలె కనబడరాదనుటయే ఈ కట్టడి యాంతర్యమని మా తలంపు. డల్హౌసీ కాలమునాటికి, దేశీయులు సర్కారు కార్యాలయములలో నడుగిడునపుడు పాదరక్షలు విడువవలెనను నియమము బిగిసెను. ఐరోపా దుస్తులు ధరించినవారికి మాత్రము మినహాయింపు గలదు. కావున మురికి యనునది సాకు మాత్రమే. వీథిదుమ్ము బూటునకును చెప్పునకును సమానముగానే యంటును గదా!

1862లో సూరతు పట్టణమున సెషన్సు న్యాయాధిపతి కోర్టునకు మానెక్‌జీ కవాస్‌జీ ఎంటీ యను అసెసరు పాదరక్షలతో వచ్చెను. విడువుమని న్యాయాధిపతి యాజ్ఞాపించెను. పెద్దలయెడ గౌరవము చూపుటకు ఆసియావాసుల పద్ధతి యదియేనని ఆయన వాదము. ఎంటీ విడువలేదు. లోనికి రానీయకపోగా, అతడు బొంబాయి గవర్నరునకు ఆక్షేపణలేఖ వ్రాసెను. గుడిలోను ఇంటిలోను చెప్పులు విడుచువారికి కోర్టులో విడుచుటకు అభ్యంతర మేమని ప్రభుత్వపక్షమువారు ప్రశ్నించిరి. ఇంట విడుచుట శుభ్రతకొరకు, గుడిలో విడుచుట భక్తిచేత, కోర్టు ఇల్లును గాదు గుడియు గాదు, అది సర్వజనుల స్థలమని దేశీయులు బదులు చెప్పిరి. ఈ మాటకు ప్రత్యుత్తరము మాకిప్పటికిని తోచుట లేదు. అయినను కోర్టులలోనికి పాదరక్షలు రానిచ్చుటకు మరి కొన్నియేండ్లు పట్టెను.

తలపాగా కథ దీనికి తలక్రిందులు. 1893లో డర్బను కోర్టున మేజిస్ట్రేటు తలపాగా తీయుమనగా గాంధీ నిరాకరించి వెలుపలికి పోయెను. మరుసటియేట నెటాలు సుప్రీముకోర్టున అడ్వొకేటుగా చేరిన దినమున ప్రధానన్యాయమూర్తి కోరగా తీసివైచెను. మిత్రులు నొచ్చుకొనిరి. అంతకన్న పెద్దపోరాటములకు బలము నిలుపుకొనవలెనని ఆయన యుద్దేశము. 1921 సెప్టెంబరున మధురలో కొల్లాయి కట్టినది మొదలు ఆయనకు వేరు కచేరివేషము లేదు. 1931లో బకింగుహాము సౌధమునకును ఆ వేషముతోనే పోయెను. 1936లో ఆక్స్‌ఫర్డున ఆచార్యపదవి స్వీకరించిన రాధాకృష్ణపండితుడు తెల్లని తలపాగాను, పొడుగుకోటును విడువలేదు. ఆ పాఠముల విలువ అందుచేత తగ్గెనని యెవ్వరు నన్నట్లు మేము వినలేదు.

హైదరాబాదు సంస్థానమున మాదిరి వేరు. అచ్చట నిజాము దర్బారునకు షేర్వానీపై బగ్లూసు బిగించి, తలపై దస్తారు పెట్టి పోవలసియుండెను. దొరతనము దేశీయమైనంతమాత్రమున వేషనియమము సడలదన్నమాట.

ఇక న్యాయవాదుల నల్లకోటు. ఆంగ్లదేశపు చలికి తగిన ఆ యుడుపు బెజవాడ వేసవిలో నేటికిని కానవచ్చుచున్నది. వేసవిలో క్రిందికోర్టులలో నల్లకోటు తప్పనిసరి గాదని బారు కౌన్సిలు నియమములు చెప్పుచున్నవి. సుప్రీముకోర్టునకును హైకోర్టులకును ఆ సడలింపు వర్తింపదు.