రవివర్మ చిత్రించిన బరోడా మహారాజు

రాజుల చిత్రపటములు సాధారణముగా రాజును గూర్చి తక్కువగను, రాజరికమును గూర్చి ఎక్కువగను చెప్పును. రవివర్మ తైలవర్ణములతో చిత్రించిన బరోడా ప్రభువు మూడవ సయాజీరావు గైక్వాడు రూపము ఇందుకు చక్కని నిదర్శనము.

ఈ మహారాజు అంతఃపురమున జన్మించినవాడు కాడు. 1863లో నాసిక్ ప్రాంతపు కవళాణా గ్రామమున సేద్యము చేసుకొను కుటుంబమున గోపాలరావను పేర పుట్టెను. 1875లో ఆంగ్ల ప్రభుత్వము మల్హారరావు గైక్వాడును పదభ్రష్టుని గావింపగా, కీర్తిశేషుడైన ఖండేరావు రాణి జమునాబాయి ఆ బాలుని దత్తత చేసికొనెను. పల్లె బాలుని ప్రభువుగా తీర్చిదిద్దు భారము దివాను మాధవరావుపై పడెను. 1881 డిసెంబరులో యువకుడు పరిపాలనాధికారము స్వీకరించెను.

మాధవరావు 1858 నుండి 1872 వరకు తిరువాన్కూరు దివానుగా నుండెను. ఆ సంబంధముననే రవివర్మకు బరోడానుండి పిలుపు వచ్చెను. 1868లో తిరువనంతపురమునకు వచ్చిన థియోడర్ జెన్సన్ పని చేయుచుండగా చూచి, రవివర్మ పాశ్చాత్య తైలవర్ణ విధానమును చాలవరకు గ్రహించియుండెను.

మొగలు సూక్ష్మచిత్రములలో పాలకుని తల వెనుక ప్రభామండలము అతని మహిమను తెలుపుచుండెను. తైలచిత్రమున అది లేదు. వెలుగునీడల పొందికచే పట్టువస్త్రమునకు బరువు, ముత్యములకు నిగ్గు కలిగి, ఆ పనిని అవియే నెరవేర్చును. సంస్థానాధీశుల అధికారము ఆంగ్ల రెసిడెంటు కనుసన్నలలో కుంచించుకొనిపోవుచున్న దినములలోనే వారి చిత్రపటముల వైభవము ఇనుమడించుట గమనింపదగినది.

ఆ వైభవపు హద్దు 1911లో బయటపడెను. ఢిల్లీ దర్బారున సయాజీరావు అయిదవ జార్జి యెదుట ఒక్కసారి మాత్రమే వంగి, వెనుదిరిగి నడచెను. ఆంగ్లేయులు దీనిని అవమానముగా నెంచగా ఆయన క్షమాపణ తెలుపుకొనవలసివచ్చెను. పటములోని ముత్యములు చాటిన ప్రభుత్వము వంగుటలో తప్పిన ఒక్క మర్యాదకే సంజాయిషీ చెప్పుకొనవలసినదాయెను.

అయినను ఆయన ఏలుబడిని పటమునుబట్టి మాత్రమే నిర్ణయింపరాదు. 1906లో ఆయన బరోడా రాజ్యమంతటను ప్రాథమిక విద్యను నిర్బంధము గావించెను. 1913లో బరోడా విద్యార్థివేతనముతోనే భీమరావు అంబేద్కరు కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. రవివర్మ కుంచె రాజునకు ఆకారమును, ఆభరణములను ఇచ్చెను. పల్లెబడిలో పలకబట్టిన పిల్లలు మాత్రము ఏ చిత్రపటమునందును కానరారు. ఆ రాజు చేసిన పని వారియందే నిలిచినది.