బాటకు ముందు భూమిహక్కు

అందరు వాడుకొనుటకై ప్రకటించిన ప్రమాణములో ఒకరి పేటెంటు దాగియున్నచో ఏమగును?

కంప్యూటరులో బొమ్మలను కుదించి దాచుటకు ‘జి.ఐ.ఎఫ్.’ అను పద్ధతిని 1987లో కంప్యూసర్వ్ సంస్థ వెలువరించినది. అందలి కుదింపు విధానమునకు 1985లోనే అమెరికా పేటెంటు లభించియున్నది. తరువాత అది యూనిసిస్ సంస్థ పరమైనది. ఆ పద్ధతి లోకమంతట వ్యాపించిన పిమ్మట, 1994 డిసెంబరులో, దానిని ఉపయోగించు సాఫ్ట్‌వేరు తయారీదారులు రుసుము చెల్లించవలెనని ప్రకటన వచ్చినది. ఆ బెడద లేని ‘పి.ఎన్.జి.’ పద్ధతిని నిపుణులు 1995లో రూపొందించిరి.

ఇట్టి చిక్కులను నివారించుటకు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2004లో ఒక నియమము చేసినది. ప్రమాణరచనలో పాల్గొను సంస్థలు, గడువులోగా మినహాయించుకొన్నవి తప్ప, ఆ ప్రమాణమునకు అత్యవసరమైన తమ పేటెంట్లను ఉచితముగా వాడుకొననీయవలెను.

బాట వేయకముందే భూమిహక్కు తేల్చుకొనుట మేలు గదా!