ప్రాథమిక విద్యార్థులలో ధారాళ పఠనం: కొలిచే తీరు, పెంచే మార్గాలు

చదవడం నేర్చిన విద్యార్థి మాత్రమే చదివి నేర్చుకోగలడు. మూడవ తరగతి దాటిన తరువాత గణితం, పరిసరాల విజ్ఞానం మొదలైన పాఠ్యాంశాలన్నీ పఠన శక్తిపైనే ఆధారపడతాయి. ప్రతి పదాన్నీ కూడబలుక్కొని చదివే విద్యార్థి దృష్టి అంతా అక్షరాలపైనే నిలుస్తుంది. వాక్యం పూర్తయ్యేసరికి దాని ఆరంభం మరపునకు వస్తుంది. అందువల్లనే ధారాళ పఠనానికి ప్రాథమిక విద్యలో విశేష ప్రాధాన్యం ఉన్నది.

ధారాళత అనగా

తప్పులు లేకుండుట, తగిన వేగం, భావానుగుణమైన విరామం, స్వరభేదం అనే అంశాల కలయికయే ధారాళత. వేగం ఒక్కటే ధారాళత కాజాలదు.

జాతీయ లక్ష్యాలు

కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న నిపుణ్ భారత్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దీని ప్రకారం తెలియని పాఠ్యభాగాన్ని అర్థం చేసుకుంటూ రెండవ తరగతి విద్యార్థి నిమిషానికి 45 నుండి 60 పదాలు, మూడవ తరగతి విద్యార్థి కనీసం 60 పదాలు తప్పులు లేకుండా చదవగలగాలి. ఎన్‌సీఈఆర్‌టీ 2022 మార్చిలో నిర్వహించిన పునాది అభ్యసన అధ్యయనంలో మూడవ తరగతి విద్యార్థుల పఠనాన్ని 20 భాషలలో పరీక్షించారు. తెలంగాణలో పునాది అభ్యసనం కొరకు 2022లో తొలిమెట్టు కార్యక్రమం ప్రారంభమైనది.

కొలిచే విధానం

విద్యార్థి స్థాయికి తగిన, అతడు అంతకు ముందు చూడని పాఠ్యభాగాన్ని ఇచ్చి ఒక నిమిషం పాటు బిగ్గరగా చదివించాలి. ఉపాధ్యాయుడు మరొక ప్రతిలో తప్పులను గుర్తించాలి. తప్పుగా చదివిన పదం, వదలివేసిన పదం, మూడు సెకన్లు ఆగినందున ఉపాధ్యాయుడు అందించిన పదం తప్పులుగా లెక్కకు వస్తాయి. విద్యార్థి తనంతట తాను సరిదిద్దుకున్నది తప్పు కాదు. మూడు పాఠ్యభాగాలు చదివించి మధ్య ఫలితాన్ని తీసుకొనుట మేలు. చివర రెండు మూడు ప్రశ్నలు వేసి అవగాహనను పరీక్షించాలి.

ఉదాహరణకు, ఒక విద్యార్థి 52 పదాలు చదివి 6 తప్పులు చేస్తే సరిగా చదివినవి 46, ఖచ్చితత్వం సుమారు 88 శాతం. మరొక విద్యార్థి 39 పదాలు చదివి ఒకే తప్పు చేస్తే సరిగా చదివినవి 38, ఖచ్చితత్వం సుమారు 97 శాతం. మొదటి విద్యార్థికి అక్షరాలు, గుణింతాలు, ఒత్తులపై సాధన అవసరం. రెండవ విద్యార్థికి పఠన అభ్యాసం చాలును. సంఖ్యను మాత్రమే చూస్తే ఈ భేదం కానరాదు.

తెలుగులో గమనించవలసినవి

తెలుగులో విభక్తులు, సంధులు కలిసి పదాలు దీర్ఘమవుతాయి. ఆంగ్లంలో మూడు నాలుగు పదాలుగా ఉండే భావం తెలుగులో ఒకే పదంలో ఇముడుతుంది. కాబట్టి రెండు భాషలలోని పదాల సంఖ్యను నేరుగా పోల్చరాదు. మ–య, ప–వ వంటి ఆకృతి సామ్యం గల అక్షరాల వద్ద, సంయుక్తాక్షరాల వద్ద విద్యార్థులు తడబడటం సహజం. ప్రాంతీయ యాసను తప్పుగా లెక్కించరాదు. కోయ, గోండి, సవర, లంబాడీ భాషలు ఇంట మాట్లాడే విద్యార్థుల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

పెంపొందించే మార్గాలు

- ఉపాధ్యాయుడు ప్రతిదినం భావయుక్తంగా చదివి వినిపించాలి.
- ఒకే చిన్న భాగాన్ని మూడు నాలుగు పర్యాయాలు చదివించాలి. పునఃపఠనం అనే ఈ పద్ధతిని అమెరికా విద్యావేత్త ఎస్. జే. శామ్యూల్స్ 1979లో వివరించారు.
- బాగా చదివే విద్యార్థిని, వెనుకబడిన విద్యార్థిని జతగా కూర్చుండబెట్టాలి.
- తడబడిన పదాలను నల్లబల్లపై వ్రాసి, విడదీసి పలికించాలి.
- గ్రంథాలయ పుస్తకాలను ఇంటికి ఇచ్చి పంపాలి. చదువురాని తల్లిదండ్రులు సైతం బిడ్డ చదువుతుండగా ప్రక్కన కూర్చుని వినవచ్చును.

ఈ పరీక్ష ఉద్దేశం విద్యార్థులకు ర్యాంకులు ఇచ్చుట కాదు. గడియారానికి భయపడి పరుగులు తీసే పఠనంలో అర్థం లోపిస్తుంది. ఫలితాలను తరగతిలో ప్రకటించక, ప్రతి విద్యార్థి ప్రగతిని అతని గత ఫలితంతోనే పోల్చాలి. ఎవరికి ఏ సహాయం అవసరమో సకాలంలో గుర్తించి అందించినప్పుడే ఈ కొలత సార్థకమవుతుంది.