ఇడీ అమీన్ పతనం: ఖడ్గము చేసినది, చేయలేనిది

నిరంకుశుని చేతిలో నలుగుతున్న ప్రజల కోసం పరదేశ సైన్యం సరిహద్దు దాటవచ్చునా? ఉగాండా చరిత్ర ఈ ప్రశ్నకు తేలికైన జవాబు ఇవ్వదు.

1971లో సైనిక తిరుగుబాటుతో అధికారానికి వచ్చిన ఇడీ అమీన్, 1972లో భారత సంతతివారు అధికంగా గల ఆసియావాసులను వెళ్లగొట్టాడు. 1977 ఫిబ్రవరిలో అతని సైనికుల దౌర్జన్యాలను నిరసిస్తూ ఆంగ్లికన్ బిషప్పులు లేఖ వ్రాశారు. అదే నెల 16న ఆర్చిబిషప్ జనానీ లువుమ్ హత్యకు గురయ్యారు. ప్రభుత్వం దానిని కారు ప్రమాదమని ప్రకటించింది. అప్పుడు ఏ దేశమూ సైన్యాన్ని పంపలేదు.

1978లో అమీన్ సేనలు టాంజానియాలోని కగేరా ప్రాంతాన్ని ఆక్రమించిన తరువాతనే అధ్యక్షుడు జూలియస్ నైరేరే యుద్ధానికి దిగారు. 1979 ఏప్రిల్ 11న టాంజానియా సైన్యం, ఉగాండా ప్రవాస యోధులు కలిసి కంపాలాను పట్టుకున్నారు. సభ్యదేశాల అంతరంగిక వ్యవహారాలలో జోక్యాన్ని అప్పటి ఆఫ్రికా ఐక్యతా సంస్థ నిబంధన నిషేధించేది గనుక, కొందరు నాయకులు నైరేరేను తప్పుపట్టారు.

అమీన్ పారిపోయాడు గాని శాంతి రాలేదు. యూసుఫ్ లూలే ప్రభుత్వం 68 రోజులే నిలిచింది. వివాదాస్పదమైన 1980 ఎన్నికలతో మిల్టన్ ఒబోటే తిరిగి వచ్చాడు. లువెరో ప్రాంతపు అంతర్యుద్ధం వేలాదిమందిని బలిగొన్నది.

కాబట్టి జోక్యమే పాపమనేవారు లువుమ్ మరణాన్ని తలచుకోవాలి. జోక్యమే విమోచన అనేవారు లువెరోను తలచుకోవాలి. నైరేరే చర్య హంతకుని చేతిని ఆపింది, అంతవరకు అది న్యాయమే. ఆ తరువాతి పనిని ప్రవాసం నుండి తిరిగి వచ్చిన బిషప్ ఫెస్టో కివెంగెరే వంటివారు చేపట్టారు. శత్రువుల మధ్య సమాధానాన్ని బోధించడం ఏ సైన్యమూ చేయలేని పని. అది సంఘానిది.