ఒక చిన్న గీత, యాభై ఏళ్ల గొడవ

మీలో చాలామంది ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుని, ఏ పీడీఎఫ్‌లోంచో వాట్సాప్‌లోంచో ఇన్‌స్టాల్ కమాండ్ కాపీ చేసి టెర్మినల్‌లో పేస్ట్ చేసే ఉంటారు. అక్షరం పొల్లుపోలేదు. అయినా ఎర్రర్! "ఈ లైనక్స్ మనవల్ల కాదులే" అని అక్కడితో ఆపేసిన జూనియర్లు నాకు తెలుసు. చాలాసార్లు తప్పు వాళ్లది కాదు, గీతది. ఇవాళ ఆ గీత హిస్టరీ చూద్దాం.

యాప్ట్ అనే ప్యాకేజ్ మేనేజర్‌లో నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్ అని ఒక ఆప్షన్ ఉంది. ముందు రెండు గీతలు, మధ్యలో రెండు, మొత్తం నాలుగు. అందులో ఒక్కటి మారినా కంప్యూటర్‌కి అది వేరే మాట.

యూనిక్స్ మొదటి మాన్యువల్ 1971 నవంబర్‌లో బెల్ ల్యాబ్స్‌లో వచ్చింది. అసలు వాళ్లకి కొత్త మెషిన్ దొరికిందే, పేటెంట్ డిపార్ట్‌మెంట్‌కి కాగితాలు నీట్‌గా ఫార్మాట్ చేసే సిస్టమ్ చేసిపెడతామని చెప్పి! తర్వాత జో ఒసానా టీ-రాఫ్ రాశాడు. అది టైప్‌సెట్టింగ్ మెషిన్ కోసం. అచ్చులో పదాల మధ్య హైఫన్ పొట్టిగా, మైనస్ పొడుగ్గా, రెండూ వేరు వేరు. కీబోర్డ్ మీద మాత్రం ఒక్కటే కీ. అందుకని రూల్ ఏం పెట్టారంటే, ఊరికే కొడితే హైఫన్, ముందు బ్యాక్‌స్లాష్ పెడితే మైనస్. కమాండ్ ఆప్షన్లకి కావాల్సింది రెండోది.

టెర్మినల్‌లో ఆస్కీ కాబట్టి రెండూ ఒకేలా వచ్చేవి, బ్యాక్‌స్లాష్ మర్చిపోయినా ఎవరికీ తెలిసేది కాదు. యూనికోడ్ వచ్చాక గుట్టు బయటపడింది. కీబోర్డ్ గీతకి ఒక నంబర్, అసలు హైఫన్‌కి 2010, మైనస్‌కి 2212. జీఎన్‌యూ వాళ్ల రాఫ్ రూల్ ప్రకారం బ్యాక్‌స్లాష్ లేని గీతని 2010 చేసింది. కంటికి తేడా తెలీదు, పేస్ట్ చేస్తే పనిచేయదు. మ్యాన్ పేజీలో ఆ ఆప్షన్‌ని సెర్చ్ చేసినా దొరకదు.

కంటికి కనబడని క్యారెక్టర్ ఎంత పని చేస్తుందో మన తెలుగువాళ్లకి చెప్పాలా? 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" మధ్యలో ఒక కనబడని నాన్-జాయినర్ క్యారెక్టర్ దూరితే ఐఫోన్లే క్రాష్ అయ్యాయి. యాపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది.

మళ్లీ మన గీత దగ్గరికి వద్దాం. డెబియన్‌లో ప్యాకేజీలని చెక్ చేసే లింటియన్ అనే టూల్, మైనస్ ఉండాల్సిన చోట హైఫన్ ఉందని వార్నింగ్ ఇచ్చేది. అది చూసి వాలంటీర్లు పేజీ పేజీకీ బ్యాక్‌స్లాష్‌లు పెట్టుకుంటూ పోయారు. ఒక్క అక్షరం ప్యాచ్. చూసేవాళ్లకి ఇది పనా అనిపిస్తుంది! దానితో పాటు డెబియన్ తన రాఫ్ సెట్టింగ్స్‌లో ఒక సర్దుబాటు పెట్టుకుంది, ఏ గీత వచ్చినా కీబోర్డ్ గీతే చూపించమని.

2023 జూలైలో జీఎన్‌యూ రాఫ్ 1.23 రాగానే గొడవ మళ్లీ మొదలైంది. రాసినవాళ్లే పేజీలు దిద్దుకోవాలని ఒక వర్గం. వేలాది పాత పేజీలు ఎవరు దిద్దుతారు, నష్టపోయేది చదివేవాడే కదా అని ఇంకో వర్గం. డెబియన్ ఆ సర్దుబాటుని తీసేసి, అదే ఏడాది తిరిగి పెట్టేసింది. నా ఓటు దానికే.

నేనుండేది శంషాబాద్‌లో, రోజూ విమానాల కిందే బతుకు. 2008 మార్చి 23న ఫ్లైట్లు బేగంపేట నుంచి ఇక్కడికి మారినప్పుడు హెచ్-వై-డీ అనే కోడ్ కూడా ఇక్కడికే వచ్చేసింది, బేగంపేట బీ-పీ-ఎమ్ అయింది. ప్యాసింజర్ కొత్త కోడ్ నేర్చుకోలేదు, లోపల మ్యాపింగ్ మార్చారంతే. డెబియన్ చేసింది కూడా ఇలాంటి పనే.

అన్ని సిస్టమ్స్‌లో ఈ సర్దుబాటు ఉండదు కాబట్టి మీరు మ్యాన్ పేజీ రాస్తే మాత్రం బ్యాక్‌స్లాష్ పెట్టండి. వర్డ్ అయితే రెండు గీతల్ని కలిపి ఒక పొడుగు గీత చేసేస్తుంది కూడా. కాపీ చేసిన కమాండ్ మొరాయిస్తే ముందు గీతలన్నీ చెరిపి, మీ చేత్తో కొట్టి చూడండి.